ఇండస్ట్రియల్ ఏరియాలో ఉప్పు పొట్లం

ప్రపంచ కప్పు కోసం దోహాలో స్టేడియాలు లేస్తున్న రోజుల్లో నేనొక బాణసంచా ప్రదర్శన ఇచ్చాను. దాని ఫలితంగా ఒక అధికారి రంగు మారింది, క్యాంపు మొత్తానికి శుక్రవారం మాంసం గండంలో పడింది, గోదావరి జిల్లా పరువు ఎడారి ఇసుకలో కలిసింది. ఈ మూడు ఘనకార్యాలూ ఒంటి చేత్తో చేశాను. రెండో చెయ్యి లుంగీ పట్టుకోవడానికే సరిపోయింది.

అప్పుడు నేను ఇండస్ట్రియల్ ఏరియాలోని మా కంపెనీ క్యాంపులో స్టోర్ కీపర్ని. పేరు ఏసుపాదం. మాది కోనసీమ. మా వైపు పిల్లలు కొట్లో కొన్న టపాకాయలకంటే ఉప్పు పొట్లం కోసం ఎక్కువ ఎదురుచూసేవాళ్ళు. పోతుతాటి పూతను కాల్చి బొగ్గు చేసి, మెత్తగా నూరి, ఉప్పు కలిపి, బట్టలో గట్టిగా పొట్లం కడతారు. చీల్చిన మట్ట మధ్య దాన్ని బిగించి, తాడు కట్టి, కొస అంటించి నెత్తిమీద గిరగిరా తిప్పితే రవ్వలు గొడుగులా విచ్చుకుంటాయి. మా వీధిలో పక్కింటివాళ్ళు దీపావళికి తిప్పేవారు, మేం క్రిస్మస్‌కి తిప్పేవాళ్ళం.

ఈ విద్యలో నన్ను మించినవాడు రెండు గోదావరుల మధ్య లేడనీ, నేను తిప్పితే అవతలి ఒడ్డున పడవలు ఆగిపోయేవనీ రూములో చెప్పాను. మీరూ నమ్మారా? పాపం, నా రూమ్మేటు మల్లయ్య కూడా నమ్మాడు. మల్లయ్యది జగిత్యాల పక్కన పల్లె. స్టేడియం దగ్గర షట్టరింగ్ పని. బల్లచెక్కలాంటి మనిషి, ఏ మేకు కొట్టినా దిగుతుంది.

"అన్నా, గా పొట్లం మనం ఇక్కడ చేద్దామే" అన్నాడు.

"తాటిచెట్టేదిరా ఇక్కడ?"

"ఖర్జూరం చెట్టుకు పూత రాదా? గండ్ల గూడ మొగచెట్లు ఉంటయట. మా సైటు కాడ తోటపని చేసే నేపాలోడు ఎండిన పూత ఊకె పారేస్తుండు."

నోరు జారితే ఇంతే. ఎండాకాలం రాకముందే మల్లయ్య రెండు గోనెసంచుల పూత మోసుకొచ్చాడు. పెరటి పొయ్యిమీద దాన్ని బొగ్గు చేశాం. మరో నలుగురు జతకూడారు. సరిగ్గా అప్పుడే నిప్పు మీద నిషేధం వచ్చిపడింది.

ప్రతి ఎండాకాలం పొడిగాలి మొదలు కాగానే మా సేఫ్టీ ఆఫీసర్ ఇద్రీస్ సాబు పెరటి వంటశాలకు తాళం వేసేవాడు. సూడాను మనిషి, తాటిచెట్టంత పొడుగు, చర్చి గంటంత గొంతు. చల్లగాలి తిరిగేదాకా క్యాంపులో నిప్పనేది కనపడకూడదు. అగరొత్తి కూడా మాఫీ, అంటే గల్ఫు భాషలో లేదని. అంతవరకూ మెస్సు పప్పే గతి. ఆ పప్పులో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.

నిప్పు లేకుండా బాణసంచా ఎలా చేస్తారంటారా? చేశాం. ఎండాకాలమంతా ఆ బొగ్గును నూరుతూ కూర్చున్నాం. నూరిందే నూరాం. జల్లించిందే జల్లించాం. తుమ్మితే నల్లగా, నవ్వితే నల్లగా తయారయ్యాం. మల్లయ్య ఫోను చేస్తే వాళ్ళావిడ అడిగేదట: "దుబాయ్‌ల నౌకరి అంటివి, బొగ్గుబాయిల దిగినవా?" ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు అది దుబాయే.

తిప్పడం మాత్రం నేనే నేర్పాను. మేజోడులో ఇసుక నింపి తాడు కట్టి తిప్పేవాణ్ణి. ఒకసారి అది వదులై మల్లయ్య చెవికి తగిలింది.

"ఇది కూడా విద్యల భాగమేనా అన్నా?"

"అది పరీక్షరా. చెవి దులుపుకుని నిలబడ్డావు, పాసయ్యావు."

ఎలాగో వేడి తగ్గింది. తాళం మాత్రం తియ్యలేదు. ప్రపంచ కప్పు పనులు చూడటానికి పెద్ద పెద్దవాళ్ళు క్యాంపులకు వస్తున్నారనీ, వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా పొయ్యి వెలగదనీ ఇద్రీస్ సాబు అన్నాడు. వాళ్ళెప్పుడొస్తారో వాళ్ళకే తెలీదు. శుక్రవారం మాంసం పులుసు కోసం క్యాంపంతా లొట్టలు వేస్తోంది. ఇదిగో, ఇక్కడ నేను కాలరెత్తి ముందుకెళ్ళాను. మా ఇద్దరి సంభాషణ గల్ఫు హిందీలో నడిచింది. మీకోసం తెలుగు చేస్తున్నాను.

"సాబ్, నిప్పుతో మావాళ్ళకున్నంత జాగ్రత్త ఎవరికీ లేదు. కావాలంటే మా పొట్లం తిప్పి చూపిస్తా. చిన్న ప్రమాదం జరిగినా తాళం అలాగే ఉంచండి."

"జరగకపోతే?"

"అదే సాయంత్రం తాళం చెవి ఇచ్చెయ్యండి."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "పొట్లంలో ఏముంది?"

"బొగ్గు, ఉప్పు. అంతే సాబ్."

"బట్ట?"

అప్పుడు నాలోని స్టోర్ కీపర్ తల ఎగరేశాడు. గుడ్డ పీలికలా? నా చేతుల మీదుగానా? వెల్డర్ల కోసం తెప్పించిన యూనిఫారాల్లో చినిగినదొకటి ఉంది. దళసరిది, ఖరీదైనది, కంపెనీ ముద్ర ఉన్నది. అందులోంచి కోసిన ముక్క ఆయన బల్లమీద పరిచాను. ఇద్రీస్ సాబు దాన్ని వేళ్ళతో నలిపి, వెలుతురుకు పట్టి చూసి, మొట్టమొదటిసారి నా వంక చూసి నవ్వాడు.

"చాలా మంచి బట్ట. చెయ్యి."

ఆ నవ్వు నా ప్రతిభకే అనుకున్నాను. నన్ను చూసి ఎవరైనా నవ్వితే పెళ్ళి సంబంధమనుకునే వయసు దాటినా, బుద్ధి దాటలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం క్యాంపు మొత్తం మైదానం చుట్టూ చేరింది. పులుసు మీద నమ్మకంతో కొందరు ఉల్లిపాయలు కూడా తరిగేశారు. మంటలార్పే సిలిండర్లతో ఇద్దరు, ఇసుక బకెట్లతో ఇద్దరు కాపలా. ఇద్రీస్ సాబు నమాజు ముగించుకుని తెల్లటి పొడుగు చొక్కాలో, తెల్లటి తలపాగాతో కుర్చీలో కూర్చున్నాడు. కొంగ కూడా ఆయన్ని చూసి సిగ్గుపడేటట్టున్నాడు.

మల్లయ్య నిప్పుల పళ్ళెం పట్టుకున్నాడు. పొట్లం కొస అందులో పెట్టాను. కాసేపు చూశాం. ఇంకాసేపు చూశాం.

"అంటుకున్నదా అన్నా?"

"లోపల రాజుకుంటోంది. తిప్పితే గాలి తగిలి పైకొస్తుంది."

తిప్పాను. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నాకు ఆ పొగ కూడా రాలేదు. తిరగలి తిప్పినట్టు ఉత్త గుయ్యిమన్న శబ్దం.

"జోరుగ తిప్పే" అని మల్లయ్య.

"రవ్వలేవి కాకా?" అని వెనకనించి ఎవరో.

"వస్తున్నాయి, దారిలో ఉన్నాయి" అంటూ వేగం పెంచాను. లుంగీ జారింది. ఒక చేత్తో దాన్ని పట్టుకున్నాను. మైదానం తిరిగింది, జనం తిరిగారు, ఉల్లిపాయలు తిరిగాయి. ఏది నేనో ఏది పొట్లమో తెలియని ఆ దశలో మట్ట ఫట్‌మని చీలింది.

పొట్లం లేచింది. తారాజువ్వ కూడా అంత శ్రద్ధగా ఎగరదు. మధ్యలోనే ముడి విప్పుకుని, మా వేసవి శ్రమనంతటినీ ఇద్రీస్ సాబు నెత్తిన దించింది.

కుర్చీలో తెల్లటి మనిషి లేడు. అంగుళం అంగుళం నల్లబడిన ఒక విగ్రహం మాత్రం ఉంది. అందులో రెండు కళ్ళు తెరుచుకున్నాయి.

"అయిపోయిందే మన పులుసు" అని మల్లయ్య గొణిగాడు.

నేను కాళ్ళమీద పడే ఉద్దేశంతోనే వెళ్ళాను గానీ, తల తిరుగుతుండటంతో పక్కనున్న ఇసుక బకెట్ కాళ్ళమీద పడ్డాను. అక్కడినించే నిజం కక్కేశాను. "సాబ్, నేనెప్పుడూ తిప్పలేదు. మా అన్నయ్య తిప్పేవాడు. నాకు బొగ్గు నూరే పని మాత్రమే ఇచ్చేవారు. బట్ట కాలితేనే రవ్వలు రాలతాయని ఇప్పుడే అర్థమైంది."

ఆయన పెదాలమీది ఉప్పు చప్పరించి, ఉమ్మేశాడు. "నాకు ముందే తెలుసు. అది వెల్డర్ల బట్ట. దానికి నిప్పంటదు. అందుకే ఒప్పుకున్నాను."

"మరి..."

"ఎగురుతుందని తెలీదు."

ఒకసారి తన చొక్కా చూసుకున్నాడు, ఒకసారి ఉల్లిపాయల పళ్ళేలు పట్టుకుని నిలబడ్డ జనాన్ని చూశాడు. చర్చి గంట మోగింది. అది కోపమనుకున్నాం. కాదు, నవ్వు. నల్లటి ముఖంలో తెల్లటి పళ్ళు, కన్నీళ్ళు కారినచోట చారలు. ఆ నవ్వుతోనే తాళంచెవి తీసి మల్లయ్య చేతిలో పెట్టాడు. "మంట లేదు, ప్రమాదం లేదు. మాటంటే మాట. యల్లా, వండుకోండి."

మాంసం ఉడుకుతుంటే వంటశాల తలుపుమీద కొత్త బోర్డు వెలిసింది. మూడు భాషల్లో రాయించాడు, నాకు అర్థం కాలేదనే సాకు లేకుండా. నిషేధం ఎత్తివేయబడినది, స్టోర్ ఏసుపాదానికి తప్ప.

"నిప్పు లేకుండానే ఇంత చేశావు. నీకు నిప్పు కూడా ఇస్తే?" అన్నాడు ఇద్రీస్ సాబు.

స్టేడియం పూర్తయ్యి, నేను ఇంటిముఖం పట్టేదాకా ఆ బోర్డు దిగలేదు. టీ కావాలన్నా గడప బయట గ్లాసు పట్టుకుని, "మల్లయ్యా, కాస్త వెలిగించరా" అని బతిమాలేవాణ్ణి. లోపల్నించి వాడు, "ఆగే అన్నా, లోపల రాజుకుంటోంది" అనేవాడు.

కాబట్టి పాఠకుల సమక్షంలో, కుడి చెయ్యి గుండెమీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఉప్పు పొట్లం తిప్పను. తిప్పాల్సి వస్తే లుంగీ కట్టుకుని తిప్పను.