నా మోకాళ్ళకు చోటున్న సైకిలు

నా ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో నర్సుని. నా పేరు గుర్తులేని పేషెంట్లు "ఆ పొడుగు సిస్టర్ని పిలవండి" అంటారు. మా ఆయన నా భుజం దాకా వస్తారు. పెళ్ళిరోజు ఫోటోగ్రాఫరు ఆయన్ని చర్చి మెట్టు మీద, నన్ను కింద నిలబెట్టి, చాలాసేపు తల గోక్కుని, చివరికి ఇద్దరినీ కూర్చోబెట్టి తీశాడు.

మా వార్డులో పనిచేసే కొందరు సెలవు దొరికిన ఆదివారం ఆనేకల్ వైపు గుట్టల్లోకి సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు. ఒకసారి నేనూ వెళ్ళాను. తోటి నర్సు ఒకామె తన మౌంటెన్ బైక్ ఇచ్చింది. మలుపు తిరిగిన ప్రతిసారీ మోకాలు హ్యాండిల్‌కు తగిలేది. మర్నాడు డ్యూటీలో నేను కుంటుతుంటే, కాలు విరిగిన పేషెంటొకాయన నన్ను చూసి జాలిపడ్డాడు. అప్పుడే నా కొలతకు ఒకటి కొనుక్కోవాలని నిశ్చయించుకున్నాను.

మా ఇంటి దగ్గర పెద్ద సైకిల్ షాపుకి ఇద్దరం వెళ్ళాం. సేల్స్‌మన్ నన్ను దాటి మా ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"సార్, మీకు ఏ మోడల్ చూపించేది?"

"నాకు కాదప్పా, ఆమెకు."

అతను నన్ను కిందినుంచి పైదాకా చూసి, లోపలికి పోయి, ముందు బుట్ట ఉన్న గులాబీరంగు సైకిలు తోసుకొచ్చాడు.

"లేడీస్ మోడలక్కా. కూరగాయలు పెట్టుకోను బాగుంటాది."

"నాకు గుట్టలెక్కేదానికి కావల్లప్పా. కూరగాయలు మా ఆయన తెస్తాడు."

ఈసారి మౌంటెన్ బైకే తెచ్చాడు. కానీ అది కూడా నాకు చిన్నదే. ఆ మాటంటే, "సీటు లేపితే అయిపోతాది, స్వల్ప అడ్జస్ట్ చేసుకోండక్కా" అని సీటు గొట్టాన్ని రావలసినంత, ఆపైన రాకూడనంత పైకి లాగి బిగించాడు. ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళాను. పర్వాలేదనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద ఒక్క కుదుపు, సీటు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. షాపు ముందుకు వచ్చేసరికి నా మోకాళ్ళు చెవుల పక్కన ఉన్నాయి.

"పోయేటప్పుడు సరిగ్గానే ఉండె కదక్కా" అన్నాడతను.

మా ఆయన హెల్మెట్ల అర వెనక్కి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన భుజాలు కదులుతుండడం నాకు కనిపిస్తూనే ఉంది.

తర్వాత తిరిగిన షాపుల్లోనూ ఇదే వరస. అంత పెద్ద ఫ్రేము ఎవరూ అడగరు కాబట్టి తాము తెప్పించబోమన్నారు. ఒకాయన మాత్రం, వంగి తొక్కడం అలవాటు చేసుకుంటే ఎదురుగాలి తగలదని ఓదార్చాడు. ఫోన్లో మా అమ్మకు చెప్పుకుంటే, "అంత పొడుగు కాళ్ళు పెట్టుకోని సైకిలెందుకే? నడిస్తేనే ముందు చేరతావు" అంది.

చివరికి ఫోన్లో పాత సామాన్ల ప్రకటనల్లో, పెద్ద ఫ్రేము ఉన్న సైకిలొకటి కనిపించింది. ఆనేకల్లో ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారిది. ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగింది నా ఎత్తు. చెప్పాను.

"నువ్వేనామ్మా తొక్కేది?"

"నేనే సార్."

"అట్లయితే రా. ఇంగెవరికీ చూపించను."

ఆదివారం ప్రార్థన కాగానే స్కూటరు మీద బయల్దేరాం. తలుపు తీసిన మనిషి నా కళ్ళలోకి సూటిగా చూసి నమస్కారం పెట్టారు. నేను మెడ వంచకుండా ప్రతినమస్కారం చేశాను. అలవాటుకొద్దీ గుమ్మంలో మాత్రం వంగాను. వంగనక్కర్లేదని లోపలికొచ్చాక తెలిసింది. ఆ ఇంట్లో గుమ్మాలు, వంటగట్టు, చేతులు కడుక్కునే తొట్టి అన్నీ ఎత్తుగానే ఉన్నాయి. తొట్టి పైన అద్దంలో నా ముఖం పాపిటతో సహా మొత్తం కనబడింది. మా ఇంట్లో అద్దం ముందు నిలబడితే నాకు కనిపించేది కిందినుంచి గడ్డం వరకే. అందుకని కాసేపు అక్కడే నిలబడిపోయాను.

అప్పుడు మాస్టారి భార్య కాఫీ తెచ్చారు. ఆమె మా ఆయన కంటే పొట్టి. ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో పీట.

"ఈయప్ప తన కొలతకు ఇల్లు కట్టుకున్న్యాడు" అన్నారామె. "నేను ఇన్నేండ్లూ పీటెక్కి బతుకుతాండా. మీ ఇంట్లో అద్దం ఎవరి కొలతకుండాదప్పా?"

"నా కొలతకే ఆంటీ" అన్నారు మా ఆయన.

"మంచి పని చేసినావు" అని ఆమె తన పీట ఆయన వైపు జరిపి కూర్చోమన్నారు. వాళ్ళిద్దరికీ నిమిషంలో స్నేహం కుదిరిపోయింది.

పెరట్లో సైకిలుంది. నేనెక్కి, రాగి చేల మధ్య మట్టిదారి పట్టాను. పెడలు కిందికి వెళ్ళినప్పుడు కాలు పూర్తిగా చాచుకుంది. పైకి వచ్చినప్పుడు మోకాలు దేనికీ తగల్లేదు. చిన్నప్పటినుంచీ బస్సు సీట్లలో, బడి బెంచీల్లో, ఆటోల్లో ముడుచుకుని కూర్చున్నదాన్ని. ఎంతదూరం పోయానో చూసుకోలేదు. వెనక్కి వచ్చేసరికి మా ఆయన రెండో కాఫీ తాగుతున్నారు.

"మోకాలు యాడన్నా తగిలిందా?" అన్నారు మాస్టారు.

"లేదు సార్."

ఆయన సీటు మీద లేని దుమ్ము తుడిచారు. "నా మోకాళ్ళు అరిగిపోయినాయమ్మా. పొట్టోళ్ళకి ఇస్తే దీన్ని కోసి చిన్నది చేయిస్తారేమోనని భయం" అని నవ్వి, డబ్బు తీసుకుని, గేటు తీసి పట్టుకున్నారు. సైకిలుతో మేము మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డారు.

తర్వాతి సెలవు ఆదివారం మా వార్డువాళ్ళతో గుట్టలకు వెళ్ళాను. సైకిలు చక్కగా సరిపోయింది కానీ ఊపిరే చాల్లేదు. సగం ఎక్కేసరికే దిగి, దాన్ని తోసుకుంటూ పైకి చేరేసరికి అందరూ బండమీద కూర్చుని తింటున్నారు. నాకోసం ఇడ్లీలు ఉంచారు. చట్నీ మాత్రం అయిపోయింది.