అడ్మిషన్ రిజిస్టర్లు నానిపోయిన ఏడు

ఆ హైస్కూలు పెట్టి అరవై రెండేళ్లయింది. అందులో ఇరవై ఆరేళ్లుగా గుమాస్తా ఆవిడే. చదివిందీ అక్కడే. హెడ్మాస్టర్లు తొమ్మిదిమంది మారారు గానీ బీరువా తాళంచెవి ఆవిడ చెయ్యి దాటలేదు. పిల్లలు ‘రిజిస్టరమ్మ’ అనేవారు. బడిలో చదివిన ఎవరి పుట్టినతేదీ కావాలన్నా ఆవిడే దిక్కు.

ఆఫీసు గది కప్పు కారుతోందని మూడుసార్లు అర్జీ పెట్టింది. పట్టించుకున్న నాథుడు లేడు. వేసవి సెలవుల్లో ఒక వానకు పెచ్చు ఊడి బీరువా మీదే పడి, నీళ్లన్నీ లోపలికి కారాయి. తలుపు తీసేసరికి పాత రిజిస్టర్లు పిండిముద్దల్లా ఉన్నాయి.

ఏడో తరగతి గదిలో బల్లలు కలిపి, ఒక్కో కాగితం విడదీసి ఫ్యాన్ల కింద ఆరబెట్టింది. కొన్ని చేతిలోనే చిరిగాయి. కొన్నిటి మీద సిరా మిగల్లేదు.

మూడోరోజు మిల్లు కాపలాదారు వచ్చాడు. పదో తరగతి దాకా ఆవిడతో కలిసి చదివి, పరీక్ష రాయకుండానే మానేసినవాడు. మిల్లు కాగితాల్లో అతని వయసు ఐదేళ్లు ఎక్కువ పడింది. శుక్రవారంలోగా బడి నుంచి రుజువు తేకపోతే రిటైరు చేస్తామన్నారు.

“నువ్వున్నావన్న ధీమాతో వచ్చా” అన్నాడు.

ఆవిడ ఆ ఏటి రిజిస్టరు తీసి చూపించింది. వాళ్లిద్దరి పేర్లూ ఉండాల్సిన పేజీ బూడిదరంగు ముద్దయింది.

అతను ఆ ముద్దను పక్కకు జరిపాడు. “కొత్తది రాసెయ్. నీ మాట ఎవరు కాదంటారు?”

“ఒక్కటి దొంగదని తేలితే, ఇక్కడ ఆరుతున్నవేవీ ఎవరూ నమ్మరు.”

“ఊరందరి సంగతి నాకెందుకు? ఇంట్లో మా ఆవిడ మంచం పట్టి ఉంది.”

మర్నాడు ఆవిడే తన పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని మిల్లుకు వెళ్లింది. ఇద్దరం ఒకే ఈడువాళ్లమని అక్కడి అధికారికి చెప్పింది, బతిమాలింది.

“ఇది మీ వయసమ్మా, అతనిది కాదు కదా” అని కాగితం తిరిగి ఇచ్చేశాడాయన.

శుక్రవారం అతని ఉద్యోగం పోయింది. సోమవారం ఆవిడకు మెమో వచ్చింది, రికార్డులు భద్రపరచడంలో నిర్లక్ష్యమట. మూడు అర్జీల నకళ్లూ జతచేసి జవాబిచ్చింది. ఉలుకూ పలుకూ లేదు.

చదవగలిగిన పేర్లన్నీ కొత్త రిజిస్టర్లోకి ఎక్కిస్తూ ఏడాది గడిపింది. సగానికి పైగా దక్కాయి. అతను మాత్రం ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడు. ఒకరోజు మందుల షాపు దగ్గర ఆవిడే పలకరించింది.

“మీ ఆవిడకెలా ఉంది?”

“ఆ రోజు రాసిచ్చుంటే ఏం పోయేది నీకు?” అన్నాడతను.

రాసిచ్చి ఉండాల్సిందేమోనని ఆవిడకూ రోజూ అనిపిస్తూనే ఉంది. ఆ మాట అతనితో అనలేకపోయింది.