నడిమిది

వనపర్తిలో మా మనవరాలు లెక్కలు చేస్తోంది. అసమానతలట. కాగితం మీద గీత గీసి, అంకెలు వేసి నాకు చూపించింది.

"అవ్వా, జవాబు రెండుకన్న పెద్దగుండాలె, నాలుగుకన్న చిన్నగుండాలె. పూర్ణాంకమే గావాలె. గందుకే మూడొక్కటే."

నేను అక్షరాలు దిద్దిందే ముసలితనంలో. అయినా ఈ లెక్క నాకు కొత్త కాదు.

చిన్నప్పుడు వీపనగండ్లలో ఒక ఏడు వానల్లేవు. దూరాన మట్టి పనికి కూలీలను తీసుకుపోయే మేస్త్రీ వచ్చి, మా ముగ్గురు పిల్లల్నీ చూశాడు.

"చంకల పిల్లగాడు పాలు తాగుతడు, తోల్కరా. పెద్దపిల్ల తట్ట మోస్తది, తోల్కరా. ఈ నడిమిది ఎందుకు? మీ అత్తకాడ ఇడిసిపెట్టు" అన్నాడు అమ్మతో.

"నేను గూడ మోస్త" అని తట్ట పట్టుకున్నాను.

"ముందుగాల నీ చీమిడి మోసుకోవే" అంది అక్క.

లారీ పోయింది. అమ్మకు నేనొక్కదాన్నే అక్కర్లేదనుకున్నాను. ఆ ఏడంతా నాయనమ్మ వాకిట్లో తట్టకు మట్టి నింపి ఎత్తుతూనే ఉన్నాను.

మరుసటి ఏడు మేస్త్రీ నన్నూ రమ్మన్నాడు. లారీలో అమ్మను ఆనుకుని కూర్చున్నాను. అమ్మ నా వైపు చూడలేదు. పాలు మానిన తమ్ముడు కింద నాయనమ్మ చేతుల్లో గింజుకుంటుంటే, మలుపు తిరిగేదాకా వాణ్నే చూసింది.

అంతకుముందు ఏడు లారీ కదిలినప్పుడు నేను అలిగి గోడకు తిరిగి నిలబడ్డాను. అమ్మ ఎటు చూస్తూ పోయిందో నేను చూడలేదు.