మా దొడ్లో ఆరుద్ర పురుగు కనిపించిందోచ్!

మన ఈడు వాళ్ళందరూ ఇటు రండి! పొద్దున్న తొలకరి పడింది కదా, మా నర్సీపట్నం దొడ్లో ఆరుద్ర పురుగు కనిపించింది! ఎర్రగా, అచ్చం మఖమల్ ముక్కే! గుర్తుందా, చిన్నప్పుడు చెరకు గట్ల మీద ఏరి, పచ్చగడ్డి వేసిన అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్ళం. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకునేది. మళ్ళీ నడిచేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం.

గట్లకి కలుపు మందు కొట్టడం మొదలయ్యాక ఏళ్ళ తరబడి ఒక్కటీ కనబడలేదు. మా పాపకి చెబితే నమ్మలేదు.

"కోతలు కొయ్యకమ్మా!" అంటూనే ఫోన్లో వెతికి, "ఇదేనేటి?" అని బొమ్మ చూపించింది.

"అదేనే! సేతిలో ఎట్టుకుంటే సక్కిలిగింతలు పెడతాది. ఫోన్లో అదేటి తెలుస్తాది?"

"అయితే వానలొచ్చాక నా సేతిలో ఎట్టు మరి."

వానలు రాకముందే జ్వరమొచ్చి నన్నొదిలి పోయింది నా చిట్టితల్లి. ఫోను పుణ్యమా అని బొమ్మైనా చూసింది.

ఈ రోజు ఫోటో తీయబోయి మానేశాను. పక్కింటి పిల్లని కేకేసి, చెయ్యి చాపమని, అరచేతిలో పురుగుని వదిలాను. ఆ పిల్ల కిలకిలా నవ్వేసి, "అత్తా, బేగి ఈ సేతిలో కూడా ఎట్టు!" అంది.