యారాలి మీద ఉయ్యాల పాట

మీరు ఫోన్ల చూసింది సగమే. నవ్వుండ్రి, ఛాయ్ పొలమారేదాక నవ్వుండ్రి! గనీ అసలు ఏమైందో పూరాగ ఇన్నంక నవ్వుండ్రి. మొన్న సద్దుల బతుకమ్మ నాడు మా ఊరు లక్డారంల నా ఇజ్జత్ నేనే తీసుకున్న. అది గూడ ఉత్తగ కాదు, మైకు పెట్టుకోని మరీ!

మా యారాలు శిరీష తెలుసు గదా? మా మరిది పెండ్లాం. ఒక్క ఇంట్లనే ఉంటం. పిల్ల మంచిదే, కాదన. నాకు జ్వరమొస్తె జావ కాసిచ్చేది అదే. గనీ దాని పాట యూట్యూబ్ల వచ్చినకాంచి దాని మొఖం చూస్తె నాకు కడుపుల మంట. ఉన్నదున్నట్టు చెప్తున్న, మీ దగ్గర దాపరికమేంది!

అసలు ఆ పాట ఎవరిది? మా అత్తమ్మ నాట్లేసేటప్పుడు పాడేది. నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు ఆమె పక్కన బురదల నిలవడి నేర్చుకున్న. శిరీష వచ్చినంక దానికి నేనే నేర్పిన, ఇద్దరం వంటింట్ల రొట్టెలు చేసుకుంట. ఒకనాడు రుద్రారం కాలేజీల చదివే పోరగాండ్లు పాత పాటలు రికార్డ్ చేస్తమని మా ఊరికొచ్చిన్రు. వచ్చి ఏమని అడిగిన్రు? "పాటలు పాడే పద్మక్క ఇల్లేది?" అని అడిగిన్రు. పద్మక్క! నేను! నాకేమో ఆనాడు సెకండ్ షిఫ్ట్. గిక్కడ కంపెనీల మీతోని నిలవడి డబ్బాలకు లేబుల్స్ అంటిస్తున్న. ఇంట్ల శిరీష ఉన్నది. "అక్క డ్యూటీకి పోయింది. ఆ పాట నాక్కూడ వస్తది" అన్నదట. పాడింది. అయిపాయె!

వాళ్లు సంగారెడ్డి తీస్కపోయి స్టూడియోల పాడిచ్చిన్రు. కింద డప్పు, కీబోర్డు, ఇంకేందో ధనాధన్ బీట్ ఏసిన్రు. శిరీషను జొన్న చేన్ల నిలవెట్టి వీడియో తీసిన్రు. ఇగ చూడుండ్రి! కంపెనీ బస్సుల అదే పాట. పటాన్‌చెరు ఆటోలల్ల అదే పాట. పెండ్లి బరాత్ల ముసలోళ్లు గూడ దానికే తీన్మార్. మన లైన్ల పనిచేసే ఆ ఒడిశా పిల్ల, తెలుగుల ఒక్క ముక్క రాదు గదా, అది గూడ డబ్బాలు సర్దుకుంట అదే కూనిరాగం! "దీదీ, గానా బహుత్ అచ్ఛా హై" అన్నది నాతోని. నేను ఇన్నేండ్ల సంది దాని చెవుల పక్కనే పాడుతున్న, ఒక్కనాడన్న అన్నదా?

మా అత్తమ్మ ఇంకో దిక్కు. వచ్చినోళ్లకు, పోయినోళ్లకు, "మా చిన్నకోడలు మన పాటను నిలవెట్టింది" అని చెప్పుడే. మరి నేర్పిన పెద్దకోడలు ఏం చేసింది? రొట్టెలు కాల్చింది!

సరే, బతుకమ్మ వచ్చింది. మా వాడకట్టుల ఏటేటా ముందు పాడేది నేనే. అదొక్కటి మిగిలింది నాకు. అక్కడికి పోతె డీజే నవీన్ అప్పటికే బాక్సులు పెట్టి నిలవడ్డడు. "పద్మక్కా, ఈసారి శిరీషక్క పాట పెడ్త. మీరంత చప్పట్లు కొట్టుకుంట తిరుగుండ్రి, చాలు" అన్నడు.

నాకు నషాళానికెక్కింది. "ఏందిరా? మిషన్ పాడితె మేము తిరగాల్నా? నోటితోని పాడితెనే బతుకమ్మ! ఇయ్యి మైకు!" అన్న.

అప్పుడు శిరీష ఏమన్నదో తెలుసా? "అవు నవీన్, అక్కనే పాడాలె. అక్క లెక్క ఎవలు పాడతరు? మేమంత ఎనుక అందుకుంటం" అన్నది. దాని మంచితనం చూసి ఇంకింత మండింది నాకు. కొట్లాడితె నాకు ఖుషీ ఉంటుండె గదా!

చేతుల మైకు పట్టుకుంటె చప్పట్లెట్ల కొడ్తవని నవీన్ నా కొంగుకు చిన్న మైకు తగిలిచ్చిండు. బతుకమ్మల చుట్టు తిరుక్కుంట మొదలుపెట్టిన. మీకు తెలుసు గదా, ముందామె ఒక పదం అంటది, ఎనుకున్నోళ్లంత అదే పదం మళ్ల అంటరు. అర్థం గిర్థం ఎవలు చూడరు. చెవులకెళ్లి వచ్చింది నోట్లకెళ్లి పోతది. ముందామెకు పదం మతికి రాకుంటె ఆగొద్దు. ఆగితె ఆట ఆగుతది. పూల మీదనో, గౌరమ్మ మీదనో అప్పటికప్పుడు ఏదో ఒకటి అల్లి ఉయ్యాలో అని కలపాలె.

మస్తుగ నడుస్తున్నది. నా గొంతు బాక్సులల్లకెళ్లి ఊరంత ఇనవడుతున్నది. గంతలనే పక్క వాడకట్టు పోరిలు ఉరికొచ్చిన్రు. నా దిక్కు వస్తున్నరనుకోని కొంగు సదురుకున్న. నన్ను దాటిపోయి శిరీష మీద వడ్డరు! "అక్కా, మీరే గదా ఆ పాటల ఉన్నది? ఒక్క సెల్ఫీ అక్కా!" అది సిగ్గుపడుకుంట నవ్వుతున్నది. కొత్త చీర తళతళ మెరుస్తున్నది. నా కండ్లు అక్కన్నే ఉన్నయి, పదం ఎటో పోయింది. నోరు మాత్రం ఆగొద్దు గదా? మనసుల ఏమున్నదో అదే రాగం కట్టి వచ్చేసింది:

"చిన్నకోడలు చూడు ఉయ్యాలో,
సెల్ఫీలల్ల మురిసె ఉయ్యాలో,
పాట నేర్పింది నేను ఉయ్యాలో,
పేరు కొట్టింది అది ఉయ్యాలో!"

ఎనుకున్న ఆడోళ్లంత ఒక్క గొంతుతోని అందుకున్నరు: "పాట నేర్పింది నేను ఉయ్యాలో, పేరు కొట్టింది అది ఉయ్యాలో!" అందరికంటె గట్టిగ మా అత్తమ్మ! అప్పుడే సెల్ఫీ దిగి వరుసలకొచ్చిన శిరీష గూడ కమ్మగ పాడుతున్నది, "పేరు కొట్టింది అది ఉయ్యాలో" అని!

బాక్సులల్లకెళ్లి ఇనవడంగనే నాకు సోయొచ్చింది. పక్కన లక్ష్మి వదిన ఉన్నది. మెల్లగ "లక్ష్మి వదినా, నేనేమన్న ఇప్పుడు?" అన్న. మెల్లగనే అన్న! కొంగుకు మైకున్నది మర్చిపోయిన.

ఆడోళ్లంత: "లక్ష్మి వదినా ఉయ్యాలో, నేనేమన్న ఇప్పుడు ఉయ్యాలో!"

"అయ్యో, ఆపుండ్రి!"

"అయ్యో ఆపుండ్రి ఉయ్యాలో!"

"అరేయ్ నవీన్, మైకు బంద్ చెయ్‌రా!"

"అరేయ్ నవీన్ ఉయ్యాలో, మైకు బంద్ చెయ్‌రా ఉయ్యాలో!"

ఆ నవీన్ గాడు బంద్ చేస్తడా? ఇదేదో కొత్త పాట, అదిరిందనుకోని కింద బీట్ ఏసిండు! ధన్ ధనాధన్! పోరిలంత ఫోన్లు ఎత్తిన్రు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆఖరుకు శిరీషనే వచ్చింది. నా కొంగుకున్న మైకు తీసుకోని, నేను మర్చిపోయిన పదం కాడికెళ్లి అందుకున్నది. ఆట ఆగకుంట నడిచింది. నా ఇజ్జత్ కాపాడింది అని మీరంటరు. నాకైతె నా జాగ గుంజుకున్నట్టే ఉండె.

ఇంటికొచ్చినంక కొట్లాట అయితదని తయారుగ కూసున్న. అది నా పక్కన కూసోని కిసకిస నవ్వింది. "అక్కా, పేరు కొట్టింది అది అన్నవు సూడు, రాగంల మంచిగ కూసున్నది" అన్నది. ఇగ దానితోని ఏం కొట్లాడుతం?

తెల్లారేసరికి నవీన్ ఆ వీడియో ఇన్‌స్టాల పెట్టిండు. మీరంత చూసిందదే. మంచిగనో చెడ్డగనో నా పాట గూడ ఊర్లు తిరుగుతున్నది గదా అని లోపల జెర ఖుషీ అయింది, అబద్ధమెందుకు? కింద కామెంట్లు చదువుదామని కూసున్న. ఏం రాసిన్రో తెలుసా? "ఎనుక పాడే అక్క గొంతు సూపర్." "మైకు తీసుకున్న అక్క ఎవరు? వాయిస్ కిరాక్!" నా పాట, నా మాట, పోయింది నా ఇజ్జత్. పేరు మళ్ల దానికే!

నాకు ఆగలే. నా పేరుతోని రాస్తె బాగుండదని మా ఆయన డ్యూటీకి పోకముందే ఆయన ఫోన్ తీసుకున్న. ఎవలో బయటోళ్లు రాసినట్టు, "ముందు పాడే అక్క గొంతు ముందు ఎవ్వలు పనికిరారు. అక్కకు స్టూడియోల ఛాన్స్ ఇయ్యాలె" అని కొట్టిన. మస్తు తెలివి చేసిననుకోని అన్నం తిన్న.

పొద్దూకినంక మా ఆయన డ్యూటీకెళ్లి వచ్చిండు, మొఖం ఎర్రగున్నది. "ఏమే, నా ఫోన్లకెళ్లి ఏం రాసినవ్? షిఫ్టోళ్లంత పెండ్లాన్ని అక్క అంటున్నవేందిరా అని నన్ను ఆడుకుంటున్నరు!" అన్నడు. చూస్తె కామెంటు పక్కన ఆయన పేరు, ఆయన ఫొటో. ఆ ఫొటోల పక్కన నిలవడి పండ్లికిలిస్తున్నది నేనే!

దాని కింద మా శిరీష అప్పటికే జవాబు పెట్టింది: "థాంక్యూ బావా, మీ అక్కకు చెప్త."

ఆ జవాబుకు గూడ నా కామెంటు కంటె ఎక్కువ లైకులు!