పనస నీడలో వానపూలు

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని నంజమ్మ వెనక గుమ్మంలో కూర్చుంటుంది. ఎదురుగా ఫ్యాక్టరీ గోడ, గోడ మీదుగా ఇవతలికి వాలిన పనసచెట్టు, ఆ రెంటి నీడలో కాస్తంత నేల. టీ అయిపోయేదాకా ఆ నేలనే చూస్తుంది. చెయ్యి మాత్రం పెట్టదు.

బొమ్మసంద్రలోని ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచి అక్కడ ఏదో ఒకటి పెంచాలని చూసింది. తులసి కుళ్లిపోయింది. గులాబీ మొగ్గ తొడగలేదు.

అత్తిబెలె దాటాక ఆమె పుట్టిన ఊరి పక్కన ఒక గుట్ట ఉండేది. తొలి వాన పడగానే పొదల కింద అడవి ఉల్లి పూసేది. మచ్చల ఆకులు, సన్నని కాడ, కాడ నిండా తలవంచుకున్న లేత ఊదా గంటలు. వాళ్లమ్మ వాటిని వానపూలు అనేది. అమ్మ పోయిన మరుసటి ఏడే లేఅవుట్ కోసం గుట్టను చదును చేయడం మొదలుపెట్టారు. జేసీబీ ఆగిన మధ్యాహ్నం నంజమ్మ వెళ్లి, దొరికినన్ని వానపూల గడ్డలు కొంగులో మూటగట్టుకుని బస్సెక్కింది. ఇవి పోతే మళ్లీ తెచ్చుకోవడానికి ఆ గుట్ట ఉండదు.

పనస కింద నాటిన గడ్డలు ఆ వానాకాలం పూయలేదు గానీ ఆకులు వేశాయి. చలి తగ్గేసరికి ఆ ఆకులూ పండి నేలకు అతుక్కుపోయాయి. నంజమ్మ దాహమనుకుంది. బియ్యం కడిగిన నీళ్లు పారబోయడం పాపమని నమ్మే మనిషి. ఆ నీళ్లన్నీ రోజూ తెచ్చి వాటికే పోసింది.

"ఏమ్మే, గడ్డలకి సంగటి గూడా కెలికి పెడతావా?" అన్నాడు భర్త ఓబళప్ప.

"నీకు ఇన్నేండ్లు పెట్టినా కదప్పా, నువ్వేం పూసినావు?"

కొన్నాళ్లకు వాసన మొదలైంది. తవ్వి చూస్తే గడ్డలు వేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయాయి. గోడవార, నీళ్లు చేరని చోట మాత్రం కొన్ని గట్టిగా ఉన్నాయి. నంజమ్మ మట్టి చేతులతోనే కళ్లు తుడుచుకుంది.

ఓబళప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు. "గుట్టమీద ఎండాకాలం నీళ్లు పోసిందెవురే?"

"ఎవురూ పోయలే."

"మరి? నిద్దరపోయేదాన్ని లేపి అన్నం తినిపిస్తే ఎట్ల? సుమ్నే ఉండు."

ఊరికే ఉండటం ఒక్కటే ఆమెకు చేతకాని పని. ఇంటికి ఎవరొచ్చినా తినిపించందే పంపదు. ఆ ఎండాకాలమంతా గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చేది, ఆగేది, వెనక్కి తిరిగి వీధిలోని కరివేపాకుకు పోసి వచ్చేది. నేల బీటలిచ్చినప్పుడు చూడలేక తలుపు మూసుకుంది.

మే నెలలో వాన దంచికొట్టింది. ఆ తర్వాత ఒక ఉదయం ఓబళప్ప కేక వేశాడు.

"నంజీ, బిరీన రాయే! నీ బిడ్డ లేసి కూచోనుండాది!"

ఒకే ఒక్క కాడ. దానికి లేత ఊదా గంటలు. నంజమ్మ తడి నేలమీదే కూలబడి, "మా యమ్మ పూలు" అంది. ఓబళప్ప ఆ రోజు ఇంకేమీ ఎగతాళి చేయలేదు.

ఇప్పుడు పనస కింద గుంపుగా పూస్తున్నాయి. కిందటేడు జిగణిలో ఉండే కూతురు నేత్రావతికి కొన్ని గడ్డలు ఇచ్చింది. ఎండాకాలమంతా ఆమెకు ఫోన్ చేసి, నీళ్లు పోయొద్దని చెబుతూ ఉంటుంది.