కర్ర చేతికి రాకముందే

మనవరాలు మోకాలికి నొప్పి మందు రాసుకుంటే ఇల్లంతా ఆ ఘాటే. ఆ వాసన తగిలితే చాలు, ఈ వయసులోనూ నాకు పరుగు గీత మీద నిలబడినట్టే ఉంటుంది. ఖరగ్‌పూర్‌లో మా కాలేజీ గేమ్స్ డైరెక్టరు అప్పలస్వామి గారి జేబులో ఎప్పుడూ ఆ మందు డబ్బా ఉండేది. మీరెవరూ ఆయన్ని ఎరగరు. పొట్టి మనిషి, పెద్ద నోరు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ ఆడపిల్లలం పరుగెత్తగలమని మాకంటే ముందు నమ్మినవాడు.

అరవైల నాటి మాట. నలుగురు ఒకరి కర్ర ఒకరికి అందిస్తూ పరుగెత్తే రిలేలో నేను మూడోదాన్ని. ఎంపిక పోటీలు కలకత్తాలో. ఈసారి యూనివర్సిటీ జట్టులో పేరు రాకపోతే పరుగు కట్టిపెట్టాల్సిందేనని నాన్న తేల్చేశాడు. కంచం ముందు కూర్చున్నా నాకు అదే బెంగ. దానికి తోడు నాకొక జబ్బు. నాకు ముందు వంతు పరుగెత్తే శేఫాలి వెనక నుంచి వచ్చి కర్ర చేతిలో పెట్టేదాకా నా కాలు కదిలేది కాదు. సార్ తిట్టీ తిట్టీ అలిసిపోయి ఒకరోజు నా పక్కన కూలబడ్డారు.

"మీ అయ్య ఏటి పని సేస్తాడే గుంటా?"

"రైలు డ్రైవరు సార్."

"అదీ సంగతి! టోకెన్ సేతికి రానిదే బండి కదపకూడదని రోజూ ఇంటావు కదేటి?"

నిజమే. సింగిల్ లైను మీద స్టేషన్‌వాళ్ళు ఇచ్చే ఆ టోకెన్ లేకుండా కదిలితే ఎదురుగా ఇంకో బండి రావచ్చు. నాన్న మాకు ఉగ్గుపాలతో పోసిన భయం అది. గడప దాటబోతే చాలు, "టోకెన్ వచ్చినాదా?" అని అడిగేవాడు.

సార్ తన చెప్పు ఒకటి విప్పి ట్రాక్ మీద పెట్టారు.

"మీ అయ్య మాట బండికి. ఇక్కడ కాదు. శేఫాలి ఈ సెప్పు దాటగానే లగెత్తు. ఎనక్కి సూడకు. కర్ర అదే వస్తాది."

"రాకపోతే సార్?"

"వస్తాదన్నానా!"

కలకత్తాలో చెప్పు బదులు సున్నపు గీత. శేఫాలి దాన్ని దాటింది. నేను కదిలి, చెయ్యి వెనక్కి చాపాను. ఏమీ లేదు. కర్ర అందుకోవాల్సిన హద్దు ఎదురుగా కనిపిస్తోంది. అది దాటాక అందితే జట్టంతా అవుట్. నాన్న గొంతు చెవిలో మోగుతోంది. ఆగిపోదామని ప్రాణం కొట్టుకుంది. ఆగలేదు. ఇంకో అంగలో హద్దు ఉందనగా అరచేతిలో కర్ర ఛెళ్ళున పడింది.

ఆ సాయంత్రం జట్టులో నా పేరు చదివారు. చెబుదామని పరుగెత్తాను. సార్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన టీ చల్లారిపోయింది, ఆయన మందు డబ్బా మూత తీస్తూ పెడుతూనే ఉన్నారు.

"కర్ర రాదనే అనుకున్నానే గుంటా."

"మరి వస్తాదన్నారు కదా సార్!"

"నాను బయపడితే నువ్వు కదుల్తావేటి?"

ముందు ఒళ్ళు మండింది. తరవాత ఏడుపొచ్చింది. చదువయ్యాక నేనూ గేమ్స్ టీచర్నయ్యాను. "కదులు, అదే వస్తుంది" అని ఎంతమంది పిల్లలకో ధీమాగా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, రాదేమోనని, చీరకొంగు చాటున నేనూ ఒక మందు డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉండేదాన్ని. ఆ సంగతి ఏ పిల్లకీ తెలియనివ్వలేదు.